వరుస సెలవుల్లో విశాఖ: మిత్రబృందపు విహారానికి ఏ మేరకు తగిన ఊరు?

హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునే మిత్రులకు శనాదివారాలతో కలిసి ఇంకో సెలవు దొరికిందంటే మొదట వినిపించే పేరు గోవా. విమానం ఛార్జీలు చూశాక పుదుచ్చేరి ప్రస్తావన వస్తుంది. ఆ తరువాత గాని ఎవరికీ విశాఖపట్నం గుర్తుకు రాదు. మన ఊరే కదా, ఎప్పుడైనా వెళ్లవచ్చులే అన్న చులకన ఇందుకు కారణం కావచ్చు. జనవరి చివరిలో వచ్చిన వరుస సెలవుల్లో కళాశాల నాటి మిత్రులం ఆరుగురం విశాఖ వెళ్లి వచ్చాము. ప్రయాణం, బస, తిండి, చూడదగిన చోట్లు, వాటి నిర్వహణ అన్నింటినీ దృష్టిలో పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హార్బరు నుంచి భీమిలి దాకా సాగే తీరాన్ని విడిచిపెట్టకుండా ఉండగలిగితే ఇలాంటి కొద్దిపాటి సెలవులకు విశాఖను మించిన ఊరు మనకు చేరువలో లేదు. అరకు, బొర్రా, తీరం అన్నీ ఒక్క విడతలోనే చుట్టేయాలనుకుంటే మాత్రం మిగిలేది కారు కిటికీలోంచి చూసిన కొండలూ, నడుము నొప్పీ మాత్రమే.

హైదరాబాదు నుంచి విశాఖకు రైలు దారి సుమారు 700 కిలోమీటర్లు. సాయంత్రం నాంపల్లిలో ఎక్కితే మర్నాడు పొద్దున్నే దింపే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఈ దారిలో అందరికీ తెలిసినదే. 2023 సంక్రాంతి నాడు మొదలైన వందే భారత్ మధ్యాహ్నం సికింద్రాబాదులో బయలుదేరి ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది. బండి బాగుంటుంది, కూర్చోవడానికి హాయిగా ఉంటుంది, కాని ఊరు చేరేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది కాబట్టి సెలవులో ఒక పూట దారిలోనే కరిగిపోతుంది. తక్కువ రోజులకు వెళ్లేవారికి రాత్రి రైలే మేలు. రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు కనుక సెలవుల తేదీ చూసుకుని సరిగ్గా ఆ రోజు ఉదయమే కూర్చోవాలి, ఆలస్యం చేస్తే తత్కాల్ మీద ఆశ పెట్టుకోవలసిందే. ఆ ఆశ కూడా తీరని వారు ప్రైవేటు బస్సుల వైపు చూస్తారు గాని, పండుగ ముందు రోజుల్లో ఆ టికెట్ల ధర పెరిగే తీరు చూస్తే ప్రయాణం మానుకోవాలనిపిస్తుంది. ఇంకొక సంగతి. హౌరా, భువనేశ్వర్ వైపు పోయే కొన్ని రైళ్లు విశాఖ స్టేషనులోకి రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్లిపోతాయి. విశాఖ స్టేషనుకు వచ్చిన బండి మళ్లీ ఇంజను మార్చుకుని వెనక్కి మళ్లవలసి ఉంటుంది కాబట్టి ఆ ఏర్పాటు. టికెట్ మీద దువ్వాడ అని ఉంటే అక్కడి నుంచి బీచ్ చేరడానికి మరో గంట, దానికి తగ్గ ఆటో ఖర్చు లెక్కలో వేసుకోవాలి.

బస విషయంలో మా అనుభవం మిశ్రమం. ఆరుగురికి సరిపడే మూడు పడక గదుల ఫ్లాటును ఆన్‌లైనులో తీసుకున్నాము. ఫోటోల్లో బాల్కనీ నిండా సముద్రమే కనిపించింది. వెళ్లి చూస్తే ఎదుటి రెండు అపార్టుమెంట్ల నడుమ చీర అంచంత నీలం మాత్రం దక్కింది. అది చూడటానికి కూడా బాల్కనీ చివర పిట్టగోడకు ఆనుకుని మెడ సాచవలసి వచ్చింది. గదులు శుభ్రంగానే ఉన్నాయి, నీళ్లకు లోటు లేదు, వంటగదిలో స్టవ్వు పనిచేసింది. అయితే రైలు తెల్లవారేసరికి దింపితే గది తాళాలు మధ్యాహ్నం పన్నెండింటికి గాని ఇవ్వమన్నారు, ముందు ఇవ్వాలంటే సగం రోజు అద్దె అదనంగా అడిగారు. ఇది ఆ ఒక్క యజమానికే పరిమితమైన తంతు కాదు, రాత్రి రైళ్ల మీద ఆధారపడే ఊళ్లన్నింటిలోనూ ఉన్నదే. బుక్ చేసే ముందే ఈ విషయం రాతపూర్వకంగా తేల్చుకోవడం మంచిది. బీచ్ రోడ్డు మీదనే ఉన్న హోటళ్లలో సముద్రం కనిపించే గదికి, అదే హోటలులో వెనుక వైపు గదికి అద్దెలో తేడా చాలా ఎక్కువ. పొద్దున లేచింది మొదలు తీరం మీదే తిరిగేవారికి ఆ కిటికీతో పనేముంది? పాండురంగాపురం, చినవాల్తేరు సందుల్లో బస చేస్తే నాలుగడుగుల్లో ఇసుక, సగం ఖర్చులో గది. ఋషికొండ వైపు రిసార్టులు ప్రశాంతంగా ఉంటాయి గాని రాత్రి పూట ఊళ్లోకి వచ్చి పోవడానికి కారు తప్పదు.

విశాఖ వెళ్లేవారు గడియారం గురించి ఒక విషయం గమనించాలి. ఈ ఊరు హైదరాబాదుకు తూర్పున ఉంది కనుక పొద్దు ఇక్కడ ఇరవై నిమిషాల ముందు పొడుస్తుంది, అంతే ముందు కుంకుతుంది. జనవరిలో ఆరుంబావుకే ఆకాశం ఎర్రబడుతుంది, సాయంత్రం ఆరు దాటేసరికి పూర్తిగా చీకటి. పైగా సూర్యుడు అస్తమించేది సముద్రంలో కాదు, ఊరి వెనుక ఉన్న కొండల్లో. సాయంత్రం నాలుగున్నర నుంచే బీచ్ రోడ్డు మేడల నీడ ఇసుక మీదికి పాకడం మొదలవుతుంది. గోవా సూర్యాస్తమయాన్ని మనసులో పెట్టుకుని వచ్చినవారు ఇది చూసి చప్పబడతారు. ఇక్కడ ఎండను చూడవలసినది పొద్దున. ఉదయం నడకకు వచ్చేవారి కోసం రామకృష్ణా బీచ్ దగ్గర రోడ్డు మీద కొంత మేర వాహనాలను ఆపేస్తారు. ఆ వేళ నడిరోడ్డు మీద షటిల్ ఆడేవారు, కర్ర సాము నేర్చుకునే పిల్లలు, చెప్పులు చేతబట్టుకుని ఇసుకలో నడిచే పెద్దవాళ్లు, వీరందరి వెనుక నీళ్ల మీద సన్నగా పరుచుకునే ఎండ. మా బృందంలో తొమ్మిదింటికి ముందు లేవని వాడు కూడా రెండో రోజు నుంచి అలారం పెట్టుకున్నాడు.

అయితే రామకృష్ణా బీచ్ చూడటానికే గాని దిగడానికి కాదు. ఒడ్డు దగ్గరే లోతు అకస్మాత్తుగా పెరుగుతుంది, వెనక్కి లాగే కెరటం బలం బయటికి కనపడదు. ఔటర్ హార్బరు గోడలు కట్టిన తరువాత దక్షిణం నుంచి ఉత్తరానికి తీరం వెంట సహజంగా కదిలే ఇసుకకు అడ్డు పడింది. అందువల్ల పోర్టు వారు పూడిక తీసిన ఇసుకను తెచ్చి ఈ బీచ్‌ను నింపుతూ ఉంటారు. ఇసుక ఒక ఏడు వెడల్పుగా, మరో ఏడు ఇరుకుగా కనిపించడానికి మూలం ఇదే. ఈత కోరేవారు ఋషికొండ వెళ్లాలి. 2020 అక్టోబరులో మన దేశంలో తొలి విడతగా, శుభ్రత, భద్రత చూసి ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఎనిమిది బీచ్‌లలో అదొకటి. స్నానానికి హద్దులు గుర్తించిన భాగం, కాపలా ఉండే గజ ఈతగాళ్లు, బట్టలు మార్చుకునే గదులు, ఒంటి ఉప్పు కడుక్కోవడానికి షవర్లు ఉన్నాయి. మేము వెళ్లినప్పుడు షవర్ల దగ్గర క్యూ పెద్దదిగా ఉంది, బట్టలు మార్చుకునే గదుల నేల ఇసుకతో, నీళ్లతో బురదగా ఉంది. గుర్తింపు వచ్చిన భాగానికి అవతల, తినుబండారాల బండ్ల వైపు పడి ఉన్న చెత్త చూస్తే ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎవరూ చెప్పనక్కరలేదు. జెట్ స్కీ, స్పీడ్ బోటు తిప్పేవారు ఒక్కొక్కరికి ఒక్కో ధర చెబుతారు, గుంపుగా వెళితే తగ్గిస్తారు. లైఫ్ జాకెట్ బకిల్ పట్టిందో లేదో మాత్రం ఎవరికి వారే చూసుకోవాలి.

ఇన్ని చోట్ల తిరిగినా నేను పూర్తి మార్కులు వేసేది ఒక్కదానికే, అది ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి మ్యూజియం. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరిన ఈ నౌక 1971 యుద్ధ కాలంలో గస్తీ తిరిగింది, 31 ఏళ్ల సేవ తరువాత 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి పొందింది. దాన్ని నీళ్లలోంచి లాగి, ఇసుక మీద పునాదులు వేసి కూర్చోబెట్టి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. పొడవు 91 మీటర్లు. బయటి నుంచి చూస్తే చాలా పెద్దదే అనిపిస్తుంది. లోపల అడుగుపెట్టాక అర్థమవుతుంది ఆ పొడవంతా ఎవరి కోసమో. ముందు గదిలో ఆరు టార్పిడో గొట్టాలు, వెనుక గదిలో మరో నాలుగు, నడుమ డీజిల్ ఇంజన్లు, మోటార్లు, బ్యాటరీలు, పైపులు, చక్రాలు, మీటర్లు. మనుషులకు మిగిలింది వీటి మధ్య సందులే. ఒక గదిలోంచి మరో గదిలోకి పోవడానికి గుండ్రటి ఇనుప ద్వారం. ముందు ఒక కాలు పెట్టి, తల వంచి, తరువాత రెండో కాలు లాక్కోవాలి. మాలో ఆరడుగుల వాడికి మొదటి ద్వారం దగ్గరే నుదురు తగిలింది. ఇంతటి ఇరుకులో 75 మంది వారాల తరబడి ఉండేవారంటే, పడకలు వంతుల వారీగా వాడుకునేవారంటే, నీటి పొదుపు కోసం స్నానం ఊసే ఎత్తేవారు కాదంటే, చెప్పేవారి మాట నమ్మడానికి మనకు ఇంకో ఆధారం అవసరం లేదు.

ఆ చెప్పేవారే ఈ మ్యూజియానికి ప్రాణం. గైడ్లుగా ఉన్నవారు నౌకాదళంలో పనిచేసి విరమించినవారు. బట్టీ పట్టిన పాఠంలా కాక, ఏ పిడి తిప్పితే ఏమవుతుందో చేత్తో పట్టుకుని చూపిస్తారు. సెలవు రోజు కావడంతో వెనుక జనం తోసుకొస్తున్నా, మా బృందాన్ని నడిపిన పెద్దాయన శబ్దాన్ని బట్టి నీటిలోని వాటి ఆచూకీ పట్టే సోనార్ గది దగ్గర నిలబడి, నీళ్ల కింద చెవే కన్ను అని ఎందుకంటారో ఓపికగా వివరించారు. లోపం ఒకటుంది. ఒక విడతలో పంపే జనం సంఖ్య సెలవు రోజుల్లో లోపలి వెడల్పుకు మించిపోతోంది, గాలి ఆడదు. ఇరుకు చోట్లు పడనివారు, మోకాళ్ల నొప్పులున్నవారు దూరంగా ఉండటం మంచిది. ఉదయం గాక సాయంత్రం చివరి గంటకు వెళితే రద్దీ కొంత తగ్గుతుందని స్థానికులు చెప్పగా అలాగే వెళ్లాము. ఆ సలహా పనికొచ్చింది.

రోడ్డు దాటితే టీయూ-142 విమానం ఉంటుంది. 29 ఏళ్లు సముద్రం మీద కాపలా తిరిగి 2017లో అరక్కోణం స్థావరంలో విరమించిన యుద్ధ విమానం అది. ఒక్కో ఇంజనుకు ఒకదాని వెనుక ఒకటి ఎదురు దిశల్లో తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు, కొస నుంచి కొస దాకా 50 మీటర్ల రెక్కలు. దాని కింద నిలబడి పైకి చూడటమే ఒక అనుభవం. పక్కనున్న హాలులోని ప్రదర్శన శ్రద్ధగా అమర్చారు గాని, కురుసుర చూసి వచ్చిన వెంటనే వెళితే కాస్త పలచగా తోస్తుంది. కాబట్టి ముందు విమానం, తరువాత జలాంతర్గామి చూడాలి. దగ్గరలోనే 1971 యుద్ధ స్మారకం ఉంది. ఆ ఏడు డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ తీరానికి ఎదురుగానే.

ఇక తిండి. పొద్దున ఎక్కడ తిన్నా ఇడ్లీ, పెసరట్టు దెబ్బతినవు. మధ్యాహ్నం ఆంధ్రా భోజనం కోసం జగదాంబ సెంటరుకు దగ్గరలోని దసపల్లా హోటలులో ఉన్న ధరణికి వెళ్లాము, ముద్దపప్పు, పొడి, నెయ్యి, పులుసు అన్నీ ఇంటి తీరుగా ఉన్నాయి. బీచ్ వైపు రెస్టారెంట్లలో చేపల విషయంలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆర్డరు ఇవ్వాలి. ఒక చోట మెనూలో పండుగప్ప, పీతల ఎదురుగా అంకె లేదు, "సైజును బట్టి" అని మాత్రం ఉంది. తూకం ముందు చూపించమని అడిగితే వెయిటరు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. బిల్లు వచ్చాక మా ముఖాలు చిన్నబోయాయి. అడగడానికి మొహమాటపడనక్కరలేదు. పచ్చి చేపను పళ్లెంలో తెచ్చి చూపించి, తూచి, ధర చెప్పి వండే చోట్లు కూడా ఇదే రోడ్డులో ఉన్నాయి, అలాంటి చోట తిన్న వంజరం వేపుడు ముక్క లోపల తడి ఆరకుండా, పైన కారం మాడకుండా వచ్చింది. వేసవిలో వెళ్లేవారు ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలల్లో తాజా సముద్రపు చేప అంటూ వడ్డించేదాన్ని కాస్త అనుమానంతోనే చూడాలి.

చేప తాజాదనం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే పొద్దున్నే ఫిషింగ్ హార్బరుకు వెళ్లాలి. బోట్ల నుంచి దించిన సరుకు నేల మీద కుప్పలు పోసి వేలం పాడుతుంటారు, తట్టలు పట్టుకున్న ఆడవాళ్లు ఆ కేకల మధ్యలోనే బేరాలు ముగించి బస్సు అందుకోవడానికి పరుగెడుతుంటారు. నెత్తళ్లు వెండి పోగుల్లాగా మెరుస్తాయి. వాసనకు ఓర్చుకోగలిగినవారికి, చెప్పులు తడిసినా ఫరవాలేదనుకునేవారికి మాత్రమే ఈ సలహా. నౌకాదళం వైపు కెమెరా తిప్పవద్దు.

సాయంత్రం బీచ్ మీద తినవలసినది మురీ మిక్స్చర్. మరమరాలు, కార్న్‌ఫ్లేక్స్, వేరుశనగలు, ఉల్లి, టమాటా, కొత్తిమీర ఒక గిన్నెలో వేసి, నిమ్మకాయ పిండి, గరిటెతో టకటకా కలిపి కాగితపు పొట్లంలో పోసి ఇస్తారు. "కారం గట్టిగా వేసేదా బాబూ?" అని బండి అతను అడిగినప్పుడు సరే అన్నవాడు తరువాత రెండు కొబ్బరి బొండాలు తాగాడు. ఖరీదైన రెస్టారెంటు పచ్చి రొయ్యల కూర కంటే మా అందరికీ నచ్చింది ఇదే.

భీమిలి రోడ్డు ఈ యాత్రలో ఒక పూర్తి రోజుకు అర్హమైనది. కుడి వైపు సముద్రం, ఎడమ వైపు కొండలు, మధ్యలో తీరిగ్గా సాగే దారి. అద్దెకు తీసుకున్న వ్యానుతో మాకు తలనొప్పి తప్పలేదు. మాట్లాడుకున్నప్పుడు లేని పార్కింగు, డ్రైవరు బత్తా, అదనపు కిలోమీటర్లు చివర్లో పుట్టుకొచ్చాయి. దారిలో అడగని దుకాణాల ముందు రెండు సార్లు బండి ఆగింది. ఎన్ని గంటలు, ఎన్ని కిలోమీటర్లు, ఏయే చోట్లు అన్నది ముందుగా వాట్సాప్‌లో రాయించుకున్నవారికి ఈ బాధ ఉండదు.

ఆ దారిలో తొట్లకొండ తప్పక ఎక్కాలి. నౌకాదళం వారి వైమానిక సర్వేలో బయటపడిన ఈ కొండ మీద 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిపితే రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం వెలుగు చూసింది. స్తూపాలు, చైత్యగృహాలు, భిక్షువుల గదుల వరుసలు, భోజనశాల, రాతిలో తొలిచిన నీటి తొట్లు వెలికివచ్చాయి, రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. వాన నీటిని పట్టి నిలుపుకోవడానికి కొండ రాతినే తొలిచిన ఆ తొట్ల అంచుల మీద ఉలి గాట్లు నేటికీ చేతికి తగులుతాయి. ఇటుక పునాదుల మధ్య నిలబడి కిందకు చూస్తే ఓడలు వచ్చిపోయే సముద్రం మొత్తం కనిపిస్తుంది. ఈ చోటునే ఎంచుకున్నవారి తెలివికి, అభిరుచికి కూడా దండం పెట్టవచ్చు. వివరాలు చెప్పే బోర్డులు మాత్రం ఎండకు వెలిసిపోయాయి, గైడు లేడు. ముందుగా కొంత చదువుకుని వెళ్లనివారికి ఇవి ఇటుకల కుప్పలుగానే మిగులుతాయి. నీడ కూడా తక్కువ, పదింటిలోగా దిగిపోవాలి.

అక్కడి నుంచి ముందుకు వెళితే ఎర్రమట్టి దిబ్బలు. తీరపు ఇసుక కాలక్రమంలో ఇనుము పాలు వల్ల ఎర్రబారి ఏర్పడిన ఈ దిబ్బలను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. వాన నీరు కోసిన లోతైన చీలికల్లో నడవడం బాగుంటుంది, కాని దిబ్బల అంచుల మీదికెక్కి ఫోటోల కోసం గెంతేవారిని చూస్తే కోపం వస్తుంది. గట్టిపడని ఇసుక అది, ఒక్కో గెంతుకు ఇంత రాలిపోతుంది. కాపలా నామమాత్రం. భీమిలి ఊరు మాత్రం మనసుకు హాయినిచ్చింది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పాత రేవు పట్నం, డచ్చి వారి సమాధులు, దీపస్తంభం, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. చూడటానికి రెండు గంటలు చాలు, కూర్చోవడానికి ఎంతసేపైనా చాలదు.

కైలాసగిరి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. రోప్‌వేలో పైకి వెళ్లి, తీరం వంపును ఒకసారి కళ్లారా చూసి, శివపార్వతుల విగ్రహాల దగ్గరి జనంలో ఇరుక్కోకుండా దిగివస్తే సరి. మాలో ఇద్దరు సింహాచలం వెళ్లి దర్శనం చేసుకుని భోజనం వేళకు తిరిగొచ్చారు, సెలవు రోజున క్యూ పొడవుగానే ఉందన్నారు.

అరకు వెళ్లలేదేమిటని తిరిగొచ్చాక అందరూ అడిగారు. విశాఖ నుంచి అరకు 110 కిలోమీటర్లకు పైనే. ఉదయం బయలుదేరే కిరండూల్ పాసింజరులో, సొరంగాల దారిలో, సుమారు నాలుగు గంటల ప్రయాణం. 2017లో ప్రవేశపెట్టిన అద్దాల విస్టాడోమ్ పెట్టెలో సీటు దొరికితే ఆ ప్రయాణమే ఒక విహారం, నేను కాదనను. కాని వెళ్లి, బొర్రా గుహలు చూసి, రాత్రికి తిరిగి రావాలంటే పగలంతా చక్రాల మీదే గడుస్తుంది, సముద్రానికి మిగిలేది శూన్యం. అరకుకు అక్కడే రాత్రి బస చేసేలా వేరే సెలవులు కేటాయించడం ఆ లోయకూ, మనకూ న్యాయం.

వెళ్లవలసిన కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు. మార్చి దాటితే ఉక్కపోత మొదలవుతుంది. దసరా సెలవులు ఆకర్షణీయంగానే కనిపిస్తాయి గాని అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఈ ఊరి మీదనే తీరం దాటింది. ఆ నెలల్లో వెళ్లేవారు రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే గదులే తీసుకోవాలి. తిరుగు ప్రయాణంలో మాడుగుల హల్వా కొనుక్కోవచ్చు, తూకం వేయించుకుని, తయారైన తేదీ అడిగి తీసుకోండి. కురుసుర మ్యూజియానికి సోమవారం సెలవు కనుక, మీ వరుస సెలవు సోమవారంతో ముగిసేదైతే దాన్ని శనివారమే చూసేయండి.